ఆటిజం గల పసిపిల్లల సామాజిక వికాసం – పెంపకశైలి: అల్మాస్‌గూడ నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

పెంపకశైలికీ పిల్లల సామాజిక వికాసానికీ గల సంబంధాన్ని వివరించే సిద్ధాంతాలు ప్రధానంగా ఆటిజం లేని పిల్లలను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవి. వాటిని ఆటిజం గల పిల్లల కుటుంబాలకు యథాతథంగా అన్వయిస్తే రెండు పొరపాట్లు జరుగుతాయి. బిడ్డ పరిస్థితికి తల్లిని బాధ్యురాలిని చేయడం ఒకటి. తల్లిదండ్రుల నిత్యస్పందనలో నిజంగా ఫలితమిచ్చే అంశాన్ని గుర్తించలేకపోవడం మరొకటి. హైదరాబాదు ఆగ్నేయ శివారులోని అల్మాస్‌గూడ వంటి ప్రాంతపు కుటుంబజీవితాన్ని నేపథ్యంగా తీసుకొని, శైలి కంటే స్పందనే ప్రధానమనీ, ఆ స్పందన ఒక్క తల్లిది కాక ఇంటిల్లిపాదిదనీ ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగులో ఈ అంశంపై పరిశోధించేవారికి ఎదురయ్యే పరిభాషా సమస్యలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆటిజం, పెంపకశైలి, సామాజిక వికాసం, ఉమ్మడి అవధానం, అనుగుణ స్పందన, అల్మాస్‌గూడ.

1. ప్రవేశిక

తెలుగులో ‘మాట వినడం’ అనే పలుకుబడికి మూడు అర్థాలున్నాయి. చెవికి శబ్దం సోకడం, అన్నమాట బోధపడటం, చెప్పినట్లు నడుచుకోవడం. మూడేళ్ల పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచినప్పుడు అతడు తల తిప్పకపోతే ఇంట్లో పెద్దలు ‘వీడు మాట వినడు’ అంటారు. అలా అన్న మరుక్షణం మూడో అర్థం మొదటి రెండింటినీ మింగేస్తుంది. వినికిడికో అవగాహనకో సంబంధించినది కావలసిన ప్రశ్న క్రమశిక్షణకు సంబంధించినదిగా మారిపోతుంది. దాని వెంటే మరో మాట వస్తుంది: ‘పెంపకం అలా ఉంది’. తెలుగు సమాజంలో పెంపకం అనే మాటను నిందాపూర్వకంగా వాడినప్పుడు అది దాదాపు ఎల్లప్పుడూ తల్లినే ఉద్దేశిస్తుంది.

పేరుకు పలకకపోవడం ఆటిజం తొలి సూచనల్లో ఒకటి. అది వినికిడి లోపం వల్ల కూడా కావచ్చు కనుక వైద్యులు ముందుగా చెవి పరీక్ష చేయిస్తారు. ఈ రెండూ కాక మొండితనమని భావించి కుటుంబం గడిపే నెలలు పిల్లల వికాసంలో విలువైనవి. భారతీయ నగరాల్లోని 95 కుటుంబాలను అధ్యయనం చేసి టమారా డేలీ 2004లో ప్రచురించిన వ్యాసం ఇక్కడ గమనార్హం. మన తల్లిదండ్రులు తొలుత గుర్తించేది మాటల ఆలస్యం కంటే పిల్లలు నలుగురిలో కలవకపోవడమేనని ఆ అధ్యయనం సూచించింది. అంటే లోపం గమనింపులో లేదు. గమనించినదానికి పెట్టే పేరులో ఉంది.

ఈ చర్చకు ఎంచుకున్న అల్మాస్‌గూడ రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలోనిది. ఒకప్పటి గ్రామం నగర విస్తరణలో కాలనీల సముదాయంగా మారింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌లు దాని నిత్యజీవితానికి కూడళ్లు. సొంత ఇంటి కింది అంతస్తులో యజమాని, పైన అద్దె పోర్షన్లు, ఊరి నుంచి వచ్చి కొన్ని నెలలుండి వెళ్లే నాయనమ్మ లేదా అమ్మమ్మ, ఉద్యోగానికి నగరం మరో కొసకు వెళ్లే తండ్రి – ఇది శివారు కాలనీల్లో సాధారణంగా కనిపించే కుటుంబచిత్రం. వ్యాసంలో ప్రస్తావించిన ఇంటి సన్నివేశాలు వివరణకోసం ఊహించుకున్నవి మాత్రమే. అవి ఏ ఒక్క కుటుంబానికీ చెందినవి కావు.

2. పెంపకశైలి: భావన, పరిభాష

పెంపకశైలి వర్గీకరణకు మూలం అమెరికన్ మనోవిజ్ఞాని డయానా బౌమ్రిండ్ 1966, 1967, 1971 సంవత్సరాల్లో ప్రచురించిన రచనలు. ఆమె పరిశీలించినది బడికి వెళ్లే వయసుకు ముందున్న పిల్లలను, వారి తల్లిదండ్రులను. మూడు శైలులను ఆమె గుర్తించారు. ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ 1983లో ఆ మూడింటిని రెండు కొలమానాల మీద నిలిపి నాలుగు చేశారు. ఒక కొలమానం బిడ్డ అవసరాలకు తల్లిదండ్రులు చూపే స్పందనశీలత. రెండోది బిడ్డ నుంచి వారు ఆశించే నియమపాలన.

తెలుగులో ఈ శైలులకు పేర్లు పెట్టడంలోనే చిక్కుంది. ఆంగ్లంలో మొదటి రెండు శైలుల పేర్లు, అథారిటేటివ్, అథారిటేరియన్, ఒకే ధాతువు నుంచి పుట్టినవి. వాటిని ‘అధికారయుత’, ‘అధికారవాద’ అని అనువదిస్తే బోధించే అధ్యాపకునికే తేడా జారిపోతుంది. మొదటిదాన్ని ‘ప్రజాస్వామిక’ అంటే అర్థం చేరువవుతుంది కానీ సరిపోదు. ఆ శైలిలో తల్లిదండ్రులు ఓటు తీసుకోరు. నియమం పెట్టేది వారే, కారణం చెప్పేదీ వారే, బిడ్డ చెప్పేది వినేదీ వారే. ఈ వ్యాసంలో నియమమూ వాత్సల్యమూ రెండూ మెండుగా ఉన్నదాన్ని ‘సమన్వయ శైలి’ అనీ, నియమం మాత్రమే ఉన్నదాన్ని ‘నిరంకుశ శైలి’ అనీ, వాత్సల్యం మాత్రమే ఉన్నదాన్ని ‘గారాబ శైలి’ అనీ, రెండూ కొరవడినదాన్ని ‘ఉపేక్షా శైలి’ అనీ వ్యవహరించడం జరిగింది.

గారాబం అనే మాటకు తెలుగులో ఉన్న తీపిని ఈ వర్గీకరణ పట్టుకోలేదు. తాతయ్య చేసే గారాబాన్ని తెలుగు కుటుంబం లోపంగా చూడదు. తండ్రి దగ్గర భయం, తాత దగ్గర చనువు ఉండటం ఒక ఏర్పాటు. పాశ్చాత్య వర్గీకరణ వేర్వేరు ఇళ్లలో ఉంటాయని ఊహించిన శైలులు ఇక్కడ ఒకే ఇంట్లో వేర్వేరు వ్యక్తుల్లో కొలువుంటాయి. రూత్ చావో 1994లో చైనీయ కుటుంబాల విషయంలో ఇటువంటి అభ్యంతరాన్నే లేవనెత్తారు. పైకి నిరంకుశంగా కనిపించే ప్రవర్తనలో తర్ఫీదు, శ్రద్ధ అనే అర్థాలు ఇమిడి ఉంటాయని ఆమె వాదించారు. ‘భయభక్తులు’ అనే తెలుగు జంటపదాన్ని పరిశీలించినా అదే తోస్తుంది. అందులో భయం ఒక్కటే లేదు.

3. నిందకు ఒక చరిత్ర

ఆటిజం విషయంలో పెంపకాన్ని చర్చించేవారు ఒక చేదు గతాన్ని గుర్తుంచుకోవాలి. బాల్టిమోర్‌లో లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను వర్ణించి ఈ స్థితికి వైద్యశాస్త్రంలో స్థానం కల్పించారు. పుట్టుకతో వచ్చినదిగా మొదట వర్ణించిన ఆయనే 1949 నాటికి తల్లిదండ్రులలో వాత్సల్యం గడ్డకట్టిందనే ధోరణిలో రాశారు. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో వెలువరించిన గ్రంథంతో ఆ అభిప్రాయం జనంలోకి పాకింది. తల్లి ప్రేమ కరవై బిడ్డ ముడుచుకుపోయాడన్న మాటను ఒక తరం తల్లులు వైద్యుల నోటనే విన్నారు.

దీన్ని ఎదిరించినవారిలో ముందువరుసలో ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్ మనోవిజ్ఞాని మాత్రమే కాదు, ఆటిజం గల బిడ్డకు తండ్రి కూడా. ఆయన 1964లోనే జీవసంబంధమైన కారణాలను ముందుకు తెచ్చారు. సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 1977లో 21 కవలజంటలను పరిశీలించారు. 11 సమరూప జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉండగా, 10 అసమరూప జంటల్లో ఒక్కదానిలోనూ అలా లేదు. చిన్న అధ్యయనమే అయినా వాదనను జన్యువుల వైపు మళ్లించింది. ఆటిజానికి పెంపకం కారణం కాదన్నది నేడు స్థిరపడిన విషయం.

అయితే పాత నింద కొత్త వేషం కడుతోంది. ‘ఫోన్ ఇచ్చారు, అందుకే ఇలా అయింది’ అన్న మాట అల్మాస్‌గూడ అరుగుల మీదే కాదు, టెలివిజన్ చర్చల్లోనూ వినిపిస్తుంది. ‘వర్చువల్ ఆటిజం’ అనే పేరు ఏ అధికారిక రోగనిర్ణయ పట్టికలోనూ లేదు. జపాన్‌లో 84,030 తల్లీబిడ్డల జంటలపై 2022లో ప్రచురితమైన అధ్యయనం ఏడాది వయసులో తెర చూసిన కాలానికీ మూడేళ్లకు మగపిల్లల్లో ఆటిజం నిర్ధారణకూ మధ్య సహసంబంధాన్ని చూపింది, ఆడపిల్లల్లో చూపలేదు. సహసంబంధం కారణం కాదన్నది పరిశోధక విద్యార్థులకు కొత్త పాఠం కాదు. మనుషుల ముఖాల కంటే తెర మీది కదలికలు ఎక్కువ ఆకర్షించే బిడ్డకు, ఏడుపు మరోలా ఆగని బిడ్డకు, ఆ తల్లి ఫోన్ ఎక్కువసేపు ఇచ్చి ఉండవచ్చు. ప్రవర్తన తల్లిదండ్రుల నుంచి బిడ్డకు మాత్రమే ప్రవహించదనీ, బిడ్డ నుంచి కూడా తల్లిదండ్రుల వైపు ప్రవహిస్తుందనీ రిచర్డ్ బెల్ 1968లోనే హెచ్చరించారు. తెర తగ్గించడం మంచిదే. అది ఆటకూ మాటకూ సమయం మిగులుస్తుంది కనుక మంచిది, ఆటిజాన్ని తొలగిస్తుందని కాదు.

4. సామాజిక వికాసం ఎక్కడ మొదలవుతుంది

‘నలుగురిలో కలవడం’ అనే పెద్ద నైపుణ్యం చాలా చిన్న పనులతో మొదలవుతుంది. తొమ్మిది నెలలు మొదలుకొని ఏడాదిన్నర లోపు బిడ్డ ఒక వస్తువును చూసి, తల్లిని చూసి, మళ్లీ వస్తువును చూస్తాడు. ‘నేను చూసింది నువ్వూ చూశావా’ అన్న ప్రశ్న ఆ చూపులో ఉంటుంది. దీన్ని ఉమ్మడి అవధానం అనవచ్చు. తెలుగువారికి ఇది కొత్త కాదు. వెన్నెట్లో బిడ్డను చంకనెత్తుకొని చందమామను వేలితో చూపిస్తూ గోరుముద్దలు తినిపించడం ఉమ్మడి అవధానానికి శతాబ్దాల నాటి అభ్యాసం. వేలు, చంద్రుడు, తల్లి ముఖం ఈ మూడింటి మధ్య బిడ్డ చూపు తిరుగుతుంది. దోబూచులాటలో వంతులు, ఎదురుచూపు, నవ్వు పంచుకోవడం ఉన్నాయి.

ఆటిజం గల బిడ్డ తరచు వేలు చూపిన దిక్కుకు కాక వేలి వైపే చూస్తాడు, లేదా చూడనే చూడడు. కావలసిన వస్తువు దగ్గరకు తల్లి చెయ్యి పట్టుకొని లాక్కువెళ్తాడు కానీ వేలెత్తి చూపడు. అడగడం ఉంటుంది, పంచుకోవడం అరుదుగా ఉంటుంది. ఉమ్మడి అవధానం తడబడితే మాటలు నేర్వడం తడబడుతుంది. ఎందుకంటే ‘కాకి’ అన్న పదం విన్నప్పుడు తల్లి దేన్ని చూస్తూ అన్నదో బిడ్డకు తెలియాలి.

మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే భారతీయ ఆటిజం మదింపు మాపని సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో రూపొందింది. 1984లో ఏర్పడిన ఆ సంస్థ ప్రస్తుత పేరు సంక్షిప్తంగా నీపిడ్. మాపనిలో ఆరు విభాగాలు, 40 అంశాలు ఉన్నాయి. మొత్తం 70 నుంచి 106 వరకు వస్తే స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. మొదటి విభాగమే సామాజిక సంబంధాలు, పరస్పరత. కళ్లలోకి చూడటం, చిరునవ్వుకు బదులివ్వడం, వంతులవారీగా ఆడటం, తోటిపిల్లలతో స్నేహం నిలుపుకోవడం వంటివి అందులో ఉన్నాయి. ధ్రువపత్రానికి ఈ మాపని ఉపయోగపడుతుంది. పెంపకం వల్ల ఆరు నెలల్లో వచ్చే సూక్ష్మమైన మార్పును పట్టడానికి ఇది తయారైన సాధనం కాదు. దీన్నే ముందూ వెనుకా ప్రయోగించి ‘మార్పు లేదు’ అని తేల్చే సిద్ధాంతవ్యాసాలు ఆ తేడాను విస్మరిస్తున్నాయి.

5. శైలి కాదు, స్పందన

ఒక ఊహాసన్నివేశం. అల్మాస్‌గూడలోని ఒక పోర్షన్‌లో మూడున్నరేళ్ల పిల్లవాడు నేల మీద బోర్లా పడుకొని బొమ్మకారు చక్రాన్ని తిప్పుతున్నాడు. తల్లి వచ్చి ‘ఇటు చూడు, ఇది ఏ రంగు? రెడ్ అను, రెడ్’ అంటుంది. అతడు చూడడు. ఆమె కారు తీసుకొని ముఖం ముందు పెడుతుంది. అతడు అరుస్తాడు. మరునాడు ఆమె అతని పక్కనే బోర్లా పడుకొని మరో కారు చక్రాన్ని తిప్పుతుంది. ‘గిరగిరా’ అంటుంది. కాసేపు ఆగుతుంది. అతడు ఆమె చేతి వైపు ఒక్కసారి చూస్తాడు. ఆమె మళ్లీ ‘గిరగిరా’ అంటుంది.

బౌమ్రిండ్ వర్గీకరణ ప్రకారం ఈ రెండు రోజుల మధ్య ఆ తల్లి శైలి మారలేదు. రెండు రోజులూ ఆమె ప్రేమగానే ఉంది, శ్రద్ధగానే ఉంది. మారింది స్పందన. మొదటి రోజు బిడ్డ అవధానాన్ని తన వైపు లాగింది. రెండో రోజు బిడ్డ అవధానం ఉన్నచోటికి తాను వెళ్లింది. పరిశోధకులు సింక్రనీ అని పిలిచే ఈ గుణాన్ని తెలుగులో ‘అనుగుణ స్పందన’ అనవచ్చు. పక్కవాద్యం వాయించేవారికి ఇది సులువుగా బోధపడుతుంది. గాయకుని మనోధర్మాన్ని అనుసరిస్తూనే వారు అతణ్ణి ముందుకు నడిపిస్తారు.

మైకేల్ సిల్లర్, మారియన్ సిగ్మన్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం గల 25 మంది పిల్లలున్నారు. ఆటలో బిడ్డ దేని మీద దృష్టి పెట్టాడో దానికి అనుగుణంగా మాట్లాడిన తల్లిదండ్రుల పిల్లలు ఏడాది, 10 ఏళ్లు, 16 ఏళ్ల తరవాత పరిశీలించినప్పుడు సంభాషణాసామర్థ్యంలో మెరుగ్గా ఉన్నారు. అదే వ్యాసంలోని మరో ఫలితాన్ని తరచు ఉదహరించరు, నిజానికి అదే ఎక్కువ విలువైనది. ఆటిజం గల పిల్లల తల్లిదండ్రులు సగటున ఇతర తల్లిదండ్రుల కంటే తక్కువ అనుగుణంగా లేరు. అంటే ఈ గుణం వారిలో కొరవడి బిడ్డకు ఇబ్బంది వచ్చిందన్న వాదన నిలవదు. ఇతర పిల్లలకు మామూలు మోతాదులో సరిపోయేది ఈ పిల్లలకు ఎక్కువ మోతాదులో, మరింత స్పష్టంగా కావాలి.

సహసంబంధం నుంచి కారణం వైపు అడుగువేసినది బ్రిటన్‌లోని పాక్ట్ ప్రయోగం. జోనథన్ గ్రీన్ బృందం 2010లో ప్రచురించిన ఈ యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగంలో ఐదేళ్ల లోపు పిల్లలు 152 మంది పాల్గొన్నారు. చికిత్సకులు బిడ్డకు నేరుగా శిక్షణ ఇవ్వలేదు. తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి తల్లికే చూపించారు. బిడ్డ చేసిన చిన్న ప్రయత్నాన్ని ఆమె ఎక్కడ గుర్తించింది, ఎక్కడ దాటిపోయింది అన్నది ఆమే చూసుకుంది. తల్లిదండ్రుల అనుగుణ స్పందన స్పష్టంగా పెరిగింది. ఆటిజం లక్షణాల తీవ్రతలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా అప్పటికి రాలేదు. సుమారు ఆరేళ్ల తరవాతి ఫలితాలు 2016లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన కుటుంబాల పిల్లల్లో లక్షణాల తీవ్రత కొంత తగ్గినట్లు అవి చూపాయి. ఆరు నెలల్లో ఫలితం చూపాలని ఒత్తిడి ఉన్న థెరపీ కేంద్రాలకూ, రెండేళ్లలో సిద్ధాంతవ్యాసం ముగించాలని తొందరపడే విశ్వవిద్యాలయాలకూ ఈ కాలవ్యవధి మింగుడుపడేది కాదు.

మనకు ఇంకా దగ్గరిది పాస్ ప్రయోగం. పాక్ట్ పద్ధతిని దక్షిణాసియాకు అనువుగా మలచి గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ నిర్వహించారు. అతీఫ్ రహ్మాన్ తదితరులు 2016లో ప్రచురించిన ఈ ప్రయోగంలో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 65 మంది ఉన్నారు. శిక్షణ ఇచ్చినవారు నిపుణులు కారు, తర్ఫీదు పొందిన సామాన్య ఆరోగ్యకార్యకర్తలు. తల్లిదండ్రుల అనుగుణ స్పందన బలంగా పెరిగింది, పిల్లలు తమంతట తామే సంభాషణకు పూనుకోవడం పెరిగింది. అయితే తల్లీబిడ్డలు ఒకే వస్తువు మీద కలిసి దృష్టి నిలిపే కాలం తగ్గింది. ఈ చివరి ఫలితాన్ని దాచిపెట్టి మొదటి రెండింటినే చెప్పడం శాస్త్రీయం కాదు. బిడ్డ చొరవ పెరిగినప్పుడు నిశ్చలంగా కలిసి చూసే సమయం తగ్గడం సహజమా, లేక పద్ధతిని ఇక్కడి ఇళ్లకు మలచడంలో ఏదో జారిపోయిందా అన్నది తెలుగు పరిశోధకులు చేపట్టదగిన ప్రశ్న.

6. ఇంటిల్లిపాది పెంపకం

పాస్ ప్రయోగాన్ని అల్మాస్‌గూడకు తెస్తే మొదట మారవలసినది ‘తల్లి’ అన్న ఏకవచనం. తల్లి అనుగుణంగా స్పందించడం నేర్చింది. బిడ్డ కుర్చీ మీదున్న బిస్కెట్ పొట్లం వైపు చూస్తే, అతడు ఒక శబ్దమో సైగో చేసేదాకా ఆమె ఐదు క్షణాలు ఆగుతుంది. ఈలోగా నాయనమ్మ లేచి పొట్లం విప్పి చేతిలో పెడుతుంది. ‘పసివాణ్ణి ఏడిపిస్తావెందుకమ్మా’ అంటుంది. నాయనమ్మది ప్రేమే. బిడ్డ అడగకముందే తీర్చడం ఆమె దృష్టిలో ఉత్తమమైన పెంపకం. ఆమెకు ఎవరూ వీడియో చూపించలేదు. శిక్షణ తల్లికి మాత్రమే ఇచ్చిన చోట అత్తాకోడళ్ల మధ్య కొత్త తగవు పుట్టడం తప్ప బిడ్డకు చేరేది తక్కువ.

దూరం మరో అంశం. నీపిడ్ నగరానికి ఉత్తరాన ఉంది, అల్మాస్‌గూడ ఆగ్నేయాన ఉంది. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ వరకు వచ్చే మెట్రో 2018 సెప్టెంబరు నుంచి లక్డీకాపూల్ వైపు ప్రయాణాన్ని తేలిక చేసింది కానీ, రద్దీ బోగీలోని శబ్దాన్నీ తోపులాటనూ తట్టుకోలేని బిడ్డకు అదే ప్రయాణం ఒక పరీక్ష. ఆటోలో వెళ్లి, వంతు కోసం కూర్చొని, 40 నిమిషాల థెరపీ ముగించుకొని వచ్చిన తల్లికీ బిడ్డకూ ఆ పూట ఆటకు ఓపిక మిగలదు. హేస్, వాట్సన్ 2013లో చేసిన సమగ్ర విశ్లేషణ ఆటిజం గల పిల్లల తల్లిదండ్రుల్లో ఒత్తిడి ఇతరుల కంటే గణనీయంగా ఎక్కువని చూపింది. అలసిన సాయంత్రం అరిచిన తల్లిని ప్రశ్నావళి ‘నిరంకుశ’ గడిలో పడేస్తుంది.

భాష గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రెండు భాషలు కలిపితే బిడ్డ తికమకపడతాడనీ, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమనీ సలహా ఇచ్చేవారు తక్కువేమీ కాదు. ప్లే స్కూలు ప్రవేశాల కాలంలో ఆ సలహాకు బలం పెరుగుతుంది. క్యాథరిన్ హాంబ్లీ, ఎరిక్ ఫాంబోన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం గల పిల్లలు ఒకే భాషలో పెరిగినవారి కంటే వెనుకబడలేదు. ఇంటి భాషను మానుకుంటే జరిగే నష్టం మాత్రం ప్రత్యక్షం. ‘సిట్ డౌన్’, ‘గివ్ మీ’, ‘లుక్’ అన్న ఆజ్ఞలకే తల్లి ఇంగ్లీషు పరిమితమైనప్పుడు ఆమె మాట్లాడే ప్రతి వాక్యమూ ఆదేశమవుతుంది. ‘గిరగిరా’, ‘దబ్బున’, ‘చిటపట’ వంటి ధ్వన్యనుకరణలు ఇంటి నుంచి వెళ్లిపోతాయి. ఆటలో లయ కలపడానికి పనికివచ్చేవి అవే. నాయనమ్మ అయితే బిడ్డతో మాట్లాడటమే మానేస్తుంది.

ఇంద్రియ సంవేదనల విషయానికి ఈ ప్రాంతంలో వినాయక చవితి కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లో ధ్వని, కాంతి, స్పర్శలకు అతిగానో అల్పంగానో స్పందించడాన్ని 2013లో చేర్చారు. పక్కనే ఉన్న బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 1994 నుంచి ప్రసిద్ధం. ఆ పది పదకొండు రోజులు చుట్టుపక్కల కాలనీలన్నీ మైకులతో, డప్పులతో మోగుతాయి. చెవులు మూసుకొని కిందపడి కొట్టుకునే బిడ్డను చూసి మండపం దగ్గర ఎవరో ‘ఒక్కటిస్తే ఊరుకుంటాడు’ అంటారు. నిరంకుశ శైలి ఆ మాట వింటుంది. గారాబ శైలి బిడ్డను ఇంట్లోనే ఉంచి తలుపులు మూసి ఫోన్ ఇస్తుంది. సమన్వయ శైలి అన్నదానికి ఇక్కడ నిర్దిష్టమైన అర్థముంది: ఉదయం మైకు పెట్టకముందు మండపానికి తీసుకువెళ్లడం, ముందురోజే బొమ్మ చూపించి చెప్పడం, చెవులకు రక్షణ పెట్టడం, ఐదు నిమిషాలకే తిరిగి రావడం, మరునాడు ఏడు నిమిషాలుండటం. బిడ్డ ఊరి పండుగకు దూరం కాడు, పండుగ వాడి మీద విరుచుకుపడదు. దీనికి కాలనీ సంఘం సహకారం కావాలి. పెంపకశైలి ప్రశ్నావళిలో కాలనీ సంఘానికి గడి ఉండదు.

7. నియమం పాత్ర

అనుగుణ స్పందన అంటే అడిగిందల్లా ఇవ్వడమని పొరబడే ప్రమాదముంది. ఆటిజం గల పిల్లలకు నియమం అవసరం, బహుశా ఇతరుల కంటే ఎక్కువ అవసరం. రోజు ఒక క్రమంలో సాగుతుందన్న భరోసా వారి ఆందోళనను తగ్గిస్తుంది. ‘ముందు స్నానం, తరవాత ఉయ్యాల’ అని రెండు బొమ్మలు గోడకు అంటించిన ఇంట్లో నియమం ఉంది, ఆదేశపు కేక లేదు. నియమం కంటికి కనిపిస్తుంది కనుక తల్లి గొంతు పెంచవలసిన పని తగ్గుతుంది.

ఏ నియమాలు అన్నది వేరే ప్రశ్న. రోడ్డు మీదికి పరుగెత్తకూడదన్నది ఒక నియమం. మాట్లాడేటప్పుడు నా కళ్లలోకే చూడాలన్నది మరొకటి. రెండింటినీ ఒకే పట్టుదలతో అమలుచేయడం సరికాదు. స్వయంగా ఆటిజం గల బ్రిటిష్ పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన ‘ద్విముఖ సహానుభూతి సమస్య’ ఇక్కడ దారి చూపుతుంది. ఆటిజం గలవారు ఇతరులను అర్థంచేసుకోలేకపోవడం ఎంత నిజమో, ఇతరులు వారిని అర్థంచేసుకోలేకపోవడమూ అంతే నిజమని ఆయన వాదన. సామాజిక వికాసాన్ని బిడ్డ ఇతరుల్లా కనిపించడంతో కొలిస్తే కళ్లలోకి చూడటం మొదటి లక్ష్యమవుతుంది. తన అవసరాన్ని, ఇష్టాన్ని, నిరాకరణను ఎదుటివారికి తెలియజేయగలగడంతో కొలిస్తే ‘వద్దు’ అని తల ఊపడం గొప్ప ప్రగతి అవుతుంది. తెలుగు ఇంట్లో పిల్లలు పెద్దలకు ‘వద్దు’ చెప్పడం మర్యాద కాదు. ఆటిజం గల బిడ్డ మొదటిసారి ‘వద్దు’ అన్ననాడు ఆ మర్యాదను కాసేపు పక్కనపెట్టి సంతోషించవలసి ఉంటుంది.

8. పరిశోధకులకు కొన్ని మాటలు

రెండు నుంచి తొమ్మిదేళ్ల వయసుగల 3,964 మంది పిల్లల నాడీవికాస స్థితిగతులను పరిశీలించి అరోరా తదితరులు 2018లో ప్రచురించిన అధ్యయనానికి దేశంలో ఎంచుకున్న ఐదు కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. 1995 చట్టంలో చోటు దొరకని ఆటిజం, 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ద్వారా గుర్తింపు పొంది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో చేరింది. సంఖ్యలూ చట్టాలూ ఏర్పడ్డాయి. ఇంటి లోపల ఏం జరుగుతున్నదో తెలుగులో నమోదు కావలసి ఉంది.

అందుకు ప్రశ్నావళి ఒక్కటే చాలదు. పెంపకం గురించి అడిగినప్పుడు తల్లి తాను ఎలా ఉండాలనుకుంటున్నదో చెబుతుంది. పరిశోధకురాలు అధ్యాపకురాలైతే మరీను. ఇంట్లోనే పది నిమిషాల ఆటను కుటుంబం అంగీకారంతో వీడియో తీసి, బిడ్డ చేసిన ప్రతి ప్రయత్నాన్నీ దానికి వచ్చిన ప్రతి స్పందననూ లెక్కించడం శ్రమతో కూడినదే అయినా విశ్వసనీయం. తల్లితో ఒక వీడియో, నాయనమ్మతో ఒకటి, తండ్రితో ఒకటి తీస్తే ఒకే బిడ్డ ముగ్గురి దగ్గర ముగ్గురిలా కనిపించవచ్చు. ఆ తేడాయే దత్తాంశం. వీడియోలు చూసి లెక్కించేవారికి ఆ కుటుంబం ఏ వర్గానికి చెందిందో తెలియకూడదు. ఫలితాన్ని కుటుంబానికి తిరిగి చెప్పే పద్ధతిని పరిశోధన ప్రణాళికలోనే రాసుకోవాలి.

ప్రశ్నావళి తప్పనిసరైతే అనువాదాన్ని ఒక్కొక్క అంశంగా పరీక్షించాలి. ‘పిల్లవాడు మాట విననప్పుడు నేను కోప్పడతాను’ అన్న వాక్యాన్నే తీసుకోవచ్చు. పేరుపెట్టి పిలిచినప్పుడు బిడ్డ పలకకపోతే మీరేం చేస్తారు, చెప్పినది అర్థంకానట్లు అనిపిస్తే ఏం చేస్తారు, అర్థమయ్యీ చేయకపోతే ఏం చేస్తారు అని దాన్ని మూడుగా విడగొట్టి అడిగితే ఒకే తల్లి మూడు వేర్వేరు జవాబులు చెప్పే అవకాశముంది. మొదటి రెండింటికీ ఆమె ఏమీ చెప్పలేక ఆగిపోతే, ఆ ఆగిపోవడాన్ని కూడా పరిశోధకులు రాసుకోవాలి.